పాములెరిగినవాళ్లను అడిగే తీరు

మంత్రాలయం నుంచి ఎమ్మిగనూరు వైపు పోయినా, కోసిగి వైపు పోయినా రోడ్డుకు అటూ ఇటూ కనిపించే నేల పాములకు అన్ని విధాలా అనుకూలం. గుండ్ల సందులు, గట్ల మీద ఏరిపోసిన రాళ్ల కుప్పలు, కంపచెట్లు, వేరుశనగ, పత్తి చేలు, ఆ చేలల్లో ఎలుకలు, తొండలు. తుంగభద్ర పక్కకు వస్తే కప్పలకూ కొదవ లేదు. ఈ నేలలో మనుషుల మధ్యే తిరుగుతున్నా మనుషులు పెద్దగా లెక్కచేయని పాము ఒకటుంది. పొడవు జానెడున్నర నుంచి మూరెడు. మట్టిరంగు ఒళ్లు, వీపు మీద లేతరంగు మచ్చల వరస, పక్కల వంకరటింకర గీత, తల మీద బాణం గుర్తు. జోలికి వెళ్తే ఒళ్లును మడతలుగా చుట్టుకుని ఒక మడతను ఇంకో మడతకేసి రాస్తుంది. పక్క పొలుసులకు గరుకైన పళ్లు ఉండడం వల్ల ఆ రాపిడికి కాగిన నూనెలో తాలింపు వేసినట్టు చప్పుడొస్తుంది. చిన్న పింజరి అంటారు దీన్ని. డాక్టర్లు సా-స్కేల్డ్ వైపర్ అంటారు.

దీన్ని చూసి పాములు పట్టేవాళ్లకు ఫోన్ చేసినవాళ్లు సాధారణంగా చెప్పేది ఒక్కటే: "చిన్న పామేలే అన్నా." ఆ ఒక్క మాటతో అవతలివాళ్ల మనసులో ఒక బొమ్మ పడుతుంది. పసిరిక పామో, నీటి పామో, ఏదో పిల్ల పామో అన్న బొమ్మ. నిజానికి భారతదేశంలో ఎక్కువ మందిని చంపే నాలుగు పాముల్లో ఇదొకటి. మిగిలినవి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి. చిన్న పింజరి విషం రక్తం గడ్డకట్టే గుణాన్నే దెబ్బతీస్తుంది. సైజు ఒక్కటే చెప్పి ఊరుకుంటే, అడిగినవాళ్లు తెలియకుండానే జవాబును తప్పుదారి పట్టించినట్టు.

పాముల గురించి తెలిసినవాళ్లను అడగడంలో ఒక మర్యాద ఉంది. అది మాటల మెత్తదనంతో తీరిపోయేది కాదు. చూసింది చూసినట్టు పూర్తిగా చెప్పడం, వాళ్లు "తెలియదు" అన్నా "వద్దు" అన్నా ఆ మాటకు కట్టుబడడం. ఇందులో ఏది లోపించినా నష్టం ప్రాణం దాకా పోతుంది. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది అని 2020లో వెలువడిన అధ్యయనం లెక్క కట్టింది. ఆ చావుల్లో ఎక్కువ భాగం ఎనిమిది రాష్ట్రాల్లోనే. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎక్కువ మంది పల్లెవాసులే.

ఇంతకీ మన దగ్గర పాములెరిగినవాళ్లంటే ఎవరు? అమెరికాలో, యూరప్‌లో విషసర్పాలను ఇంట్లో గాజు పెట్టెల్లో పెంచుకునేవాళ్లుంటారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వాళ్లనే అడుగుతారు. ఇక్కడ ఆ దారి లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా నాగుపామును పట్టడం, ఉంచుకోవడం నేరం. బుట్టలో పాము, చేతిలో నాగస్వరంతో ఊరూరా తిరిగిన పాములవాళ్ల బతుకు కూడా ఆ చట్టంతోనే మారిపోయింది. కాబట్టి ఇక్కడ అడగాల్సిందీ, అడగదగినదీ అటవీ సిబ్బందిని, జూలో పాముల విభాగంలో పనిచేసేవాళ్లను, ఇళ్లలో దూరిన పాములను పట్టి అడవిలో వదిలే వాలంటీర్లను. హైదరాబాద్‌లో 1995 నుంచి పనిచేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ అలాంటి వాలంటీర్ల సంస్థే. వీళ్లతో పాటు, తరతరాలుగా పొలాల గట్ల మీద ఎలుకలనూ పాములనూ ఎరిగిన యానాదులు, ఇరులర్లు ఉన్నారు.

ఫోన్ సంగతి చూద్దాం. ఈ ప్రాంతంలో అలాంటి ఫోన్ దాదాపు ఇలా నడుస్తుంది.

"అన్నా, ఇంటెనకాల పాముండాది. బిన్నా రా."

"ఇప్పుడు కనపడ్తాందా?"

"ఇందాక కనపడె. రాళ్లకుప్పలోకి పాయె."

"ఎవురైనా సూస్తా ఉండారా?"

"లేదన్నా, అందరం ఇంట్లేకొచ్చేసినాం."

ఇక ఆ మనిషి ఇరవై కిలోమీటర్లు బండి మీద వచ్చినా చేసేదేమీ ఉండదు. రాళ్లకుప్ప మొత్తం తిరగదోడాలి, అదీ రాత్రి పూట. పాములు పట్టేవాళ్లను విసిగించే సంగతుల్లో మొదటిది ఇదే. పాము కదిలే దారిని ఎవరో ఒకరు నాలుగైదు అడుగులు కాదు, పది పన్నెండు అడుగుల దూరం నుంచి చూస్తూనే ఉండాలి. టార్చి లైటు దాని మీద ఉండాలి, పిల్లలనూ కుక్కనూ పక్కకు తప్పించాలి. అప్పటికే కట్టెతో కొట్టి ఉంటే, కిరసనాయిలు పోసి ఉంటే, ఆ సంగతి కూడా దాచకుండా చెప్పాలి. దెబ్బ తిన్న పాము మామూలు పాములాగా ప్రవర్తించదు. వచ్చేవాళ్ల చెయ్యి ఎటు వెళ్లాలో ఆ ఒక్క సమాచారం నిర్ణయిస్తుంది. ముగ్గురికి ఫోన్ చేసి, మొదట వచ్చినవాళ్లు పట్టేశాక మిగతా ఇద్దరికీ చెప్పకపోవడం కూడా చాలా ఊళ్లలో ఉంది. వాళ్లు అర్ధరాత్రి సొంత పెట్రోలుతో బయల్దేరినవాళ్లన్న సంగతి గుర్తుండాలి.

ఫోటో పంపితే సగం పని అయినట్టే. అయితే ఏ ఫోటో? చాలామంది తల దగ్గరికి పోయి తీస్తారు. ప్రమాదం సరే, దానితో తేలేదీ తక్కువే. కట్లపామునూ, దానితో జనం పొరబడే తోడేలు పామునూ తీసుకుంటే, తేడా పట్టిచ్చేది ఒంటి మీది పట్టీలు. కట్లపాము నల్లటి ఒంటి మీద సన్నటి తెల్ల పట్టీలు చాలావరకు జంటలుగా ఉంటాయి, మెడ దగ్గర మసకబారి లేదా అసలు లేకుండా, తోక వైపు పోయేకొద్దీ స్పష్టంగా. తోడేలు పాముకు ఇది తిరగేసి ఉంటుంది. మెడ దగ్గర పట్టీలు బాగా తెలుస్తాయి, తోక వైపు చెదిరిపోతాయి. తల ఫోటో ఒక్కటే పంపితే ఎంత అనుభవం ఉన్నా నమ్మకంగా చెప్పలేరు. చిన్న పింజరికీ ఒక జంట ఉంది. విషం పెద్దగా లేని పిల్లి పాము. రంగు, మచ్చలు, ముడుచుకునే తీరు కూడా దగ్గర దగ్గరే. దాని ఒళ్లు సన్నం, మెడ ఇంకా సన్నం. చిన్న పింజరి ఒళ్లు పొట్టిగా, బలంగా ఉంటుంది. అందుకని దూరం నుంచే మొత్తం ఒళ్లు ఒక్క ఫోటోలో పడేలా తీయడం ఉత్తమం. జూమ్ చేసుకోవడం అవతలివాళ్లకు తెలుసు.

జవాబు వచ్చాక దాన్ని ఎలా పట్టుకోవాలన్నదీ మర్యాదలో భాగమే. "అయ్యుండొచ్చు" అన్న మాటను "అంతే" అని మరొకరికి చేరవేయడం ఎంత చేటో చెప్పే ఉదంతం 2001లో జరిగింది. కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో సరీసృపాల శాస్త్రజ్ఞుడు జో స్లోవిన్‌స్కీ. వయసు 38. నాగుపాముల మీద పేరుపొందిన పరిశోధకుడు. ఉత్తర మయన్మార్ అడవుల్లో బృందంతో తిరుగుతుండగా సెప్టెంబరు 11 పొద్దున ఒక సంచిలో పాము ఆయన ముందుకు వచ్చింది. పట్టీలున్న ఒక విషం లేని పాము కావచ్చని సహాయకుడి అంచనా. ఆయన సంచిలో చెయ్యి పెట్టాడు. అది కట్లపాము జాతి పిల్ల. కాటు కనిపించీ కనిపించనంత చిన్నది. కొద్ది గంటల్లో ఊపిరి తీసే కండరాలు పడిపోయాయి. బృందం గంటల తరబడి నోటితో ఊపిరి అందించింది. హెలికాప్టర్ వాతావరణం వల్ల రాలేకపోయింది. మరుసటి రోజు ఆయన చనిపోయాడు. అంత చదువుకున్న మనిషి అడగని ప్రశ్న ఒక్కటే: "నీకెంత ఖాయం?" పాముల విషయంలో ఎవరినైనా, ఎంత పెద్దవాళ్లనైనా ఆ ప్రశ్న అడగొచ్చు. తెలిసినవాళ్లు దానికి నొచ్చుకోరు.

మరి తెలిసినవాళ్లు ఎదురు ప్రశ్నలు వేస్తే? "ఎందుకడుగుతున్నావు, నీకెందుకు, ఏ ఊరు" అని ఆరా తీస్తే చాలామందికి కోపం వస్తుంది. ఆ ఆరాకు కారణం ఉంది. 2020లో కేరళలో ఒక భర్త పాములు పట్టే మనిషి దగ్గర మొదట రక్తపింజరిని, తరువాత నాగుపామును డబ్బిచ్చి కొన్నాడు. నిద్రపోతున్న భార్యను వాటితో కాటు వేయించాడు. మొదటిసారి ఆమె బతికింది. రెండోసారి బతకలేదు. 2021 అక్టోబరులో కోర్టు అతనికి జీవిత ఖైదు విధించింది. పాము అమ్మినవాడు అప్రూవర్‌గా మారి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. అప్పటి నుంచి పాముల గురించి కొత్త మనిషి అడిగే ఏ ప్రశ్ననైనా అనుభవజ్ఞులు రెండుసార్లు ఆలోచించి వింటున్నారంటే తప్పు పట్టలేం. పేరు, ఊరు, అవసరం ముందుగా తామే చెప్పేస్తే ఆరా తీయాల్సిన పని వాళ్లకు తప్పుతుంది. ఎంత అడిగినా చెప్పనివి కొన్ని ఉంటాయి. పామును ఎలా పట్టాలో ఫోన్‌లో చెప్పరు. "ఒక్కసారికి చెప్పన్నా, నేనే పట్టేస్తా" అని బతిమాలడం వాళ్ల నెత్తిన ఒక ప్రాణం బాధ్యత పెట్టడమే.

ఇక్కడ మన తెలుగు నేలకే చెందిన సంగతి ఒకటి చెప్పుకోవాలి. స్కాట్లాండ్ నుంచి వచ్చిన వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ 1780లలో విశాఖపట్నంలో ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. ఏ పాముకు విషముందో, ఏ పాముకు లేదో జనానికి తేలిగ్గా గుర్తుపట్టే దారి చూపాలన్నది ఆయన తపన. స్థానికులు తెచ్చిచ్చిన పాములను పరీక్షించాడు, కోళ్ల మీద, కుక్కల మీద కాటు ప్రయోగాలు చేశాడు, బొమ్మలు వేయించాడు. 1796లో లండన్‌లో కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద పుస్తకం అచ్చయింది. మెచ్చుకోవాల్సిందేమిటంటే, చాలా పాములను ఇక్కడివాళ్లు ఏ పేరుతో పిలుస్తారో ఆ తెలుగు పేరునే ఆయన పుస్తకంలో వేశాడు. ఈరోజు ప్రపంచమంతా రస్సెల్స్ వైపర్ అంటున్న రక్తపింజరి ఆ పుస్తకంలో కాటుకరేకుల పొడ. కట్లపాముల జాతికి శాస్త్రం పెట్టిన బంగారస్ అన్న పేరు ఆయన రాసుకున్న బంగారు పాము నుంచే వచ్చింది. నరాల శాస్త్రవేత్తలు ప్రయోగశాలల్లో రోజూ వాడే బంగారోటాక్సిన్‌కూ మూలం అదే.

ఇంత చేసిన ఆయన పేరు పాముకు నిలిచిపోయింది. ఆ పాములను పట్టి తెచ్చి, పేర్లు చెప్పి, గుణాలు వివరించినవాళ్ల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. విన్నది రాసుకోవడంలో ఉన్న శ్రద్ధ చెప్పినవాళ్లను గుర్తుంచుకోవడంలో లేకపోవడం ఆ కాలానికే పరిమితం కాలేదు. ఇవాళ్టికీ పల్లెల్లో పాము పట్టడానికి వచ్చిన యానాది పెద్దాయనను, తాత వయసువాడైనా సరే, "ఒరేయ్, ఇట్రా" అనే పిలుపు వినిపిస్తుంది. అదే పాము కోసం పట్నం నుంచి ప్యాంటూ చొక్కా వేసుకున్న కుర్రాడు వస్తే "సార్" అవుతాడు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ తెలుసో పిలుపును బట్టి తేల్చడం అన్యాయం. "తాతా, నువ్వేమంటావు?" అని అడిగితే ఆయన నోటి నుంచి వచ్చే వివరం వేరుగా ఉంటుంది. ఏ గట్టులో ఏ బొరియ ఎలుకది, ఏది పాము దూరి ఖాళీ చేసింది, నోటి దగ్గరి మట్టి చెప్పే కబురేమిటి, అన్నీ వస్తాయి.

ఇరులర్ల విషయంలో ఆ గౌరవం కొంతైనా దక్కింది. పాము తోళ్ల వ్యాపారం నిషిద్ధమయ్యాక బతుకుదెరువు పోయిన ఇరులర్ల కోసం పాముల నిపుణుడు రోములస్ విటేకర్ తోడ్పాటుతో 1978లో మద్రాసు దగ్గర వాళ్ల సహకార సంఘం ఏర్పడింది. మన దేశంలో విషసర్పాలను చట్టబద్ధంగా పట్టి ఉంచుకునేవాళ్లలో వీళ్లు ముఖ్యులు. పాములను మట్టి కుండల్లో, మూతికి గుడ్డ కట్టి కొన్ని వారాల పాటు ఉంచుతారు. వారానికోసారి విషం తీస్తారు. తరువాత వదిలేస్తారు. దేశంలో విషవిరుగుడు మందు తయారీకి వాడే విషంలో అత్యధికం వీళ్ల చేతుల మీదుగా వచ్చేదే. హైదరాబాద్‌లో తయారయ్యే విరుగుడు మందు సీసా వెనకా ఆ కుండలున్నాయన్నమాట.

2017 జనవరిలో ఫ్లోరిడా అధికారులు ఇద్దరు ఇరులర్లను, వడివేల్ గోపాల్‌ను, మాసి సడయన్‌ను, పిలిపించుకున్నారు. అక్కడి చిత్తడి అడవుల్లో బర్మా కొండచిలువలు పెరిగిపోయి ఇతర జంతువులను తినేస్తున్నాయి. అక్కడి వేటగాళ్లు ఎక్కువగా రోడ్ల వెంట, గట్ల వెంట బండ్ల మీద తిరిగి వెతికేవారు. వీళ్లిద్దరూ దట్టమైన పొదల్లోకి నడిచి, జాడలు చూస్తూ వెతికారు. మొదటి ఎనిమిది రోజుల్లో 13 కొండచిలువలు దొరికాయి. వాటిలో ఒకటి పాత క్షిపణి స్థావరంలో దాక్కున్న 16 అడుగుల ఆడది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం చేసిన మంచి పని ఒకటుంది. అనువాదకులను పెట్టి, వీళ్లు పనిచేసే పద్ధతిలోనే పనిచేయనిచ్చింది. తమ పద్ధతి నేర్పడానికి పిలవలేదు. 2023లో వీళ్లిద్దరికీ పద్మశ్రీ వచ్చింది.

నేర్చుకోవాలని ఉబలాటపడే కుర్రవాళ్లు ఈమధ్య పెరిగారు. యూట్యూబులో పడగ పట్టుకుని మాట్లాడే వీడియోలు చూసి, మరునాడు ఫోన్ చేసి "అన్నా, నాకు నాగుపాము పట్టడం నేర్పు" అంటారు. అనుభవజ్ఞుల దగ్గర ఈ ప్రశ్నకు దక్కేది మౌనమే. వాళ్లకు నచ్చే ప్రశ్నలు వేరు. ఈ వాన తరువాత ఏ పాములు బయటికొస్తాయి, కట్లపాము ఇళ్లలోకి ఎందుకొస్తుంది, పైపు చివర సంచి కట్టి పామును దానంతటదే దూరేలా చేయడంలో మెళకువ ఏమిటి, ఇలాంటివి. మొదటి నెలలు లైటు పట్టుకుని, జనాన్ని వెనక్కి జరిపే పని చేస్తానన్నవాణ్ణి ఎవరూ కాదనరు. ఎంత అనుభవమున్నా చెయ్యి పొరబడుతుందనడానికి కేరళలో వావా సురేశ్ ఉదంతమే ఉంది. వేల పాములు పట్టిన మనిషి. 2022 జనవరి చివర కొట్టాయం జిల్లాలో నాగుపామును సంచిలో వేస్తుండగా తొడ మీద కాటు పడింది. వెంటిలేటర్ మీదికి వెళ్లి బతికి బయటపడ్డాడు. కేరళ అటవీ శాఖ సర్ప అనే యాప్ నడుపుతోంది. శిక్షణ పొంది ధ్రువపత్రం ఉన్నవాళ్లే పాములు పట్టాలి, జనం వాళ్లనే పిలవాలి. అడిగేవాళ్లకూ చెప్పేవాళ్లకూ మధ్య ఒక పద్ధతి ఉండడం ఎంత మేలో ఆ ఏర్పాటు చూపిస్తోంది. కర్నూలు, కడప పల్లెలకూ అలాంటిది కావాలి.

కాటు పడితే మాత్రం పాములు పట్టేవాళ్లకు చేసే ఫోన్ ఆపేయాలి. 108కి చేయాలి. వాళ్లను వైద్యం అడగడం వాళ్లకూ ఇబ్బందే. పామును చంపి ఆస్పత్రికి మోసుకుపోవాల్సిన అవసరం లేదు. పింజరి కాటు అనుమానముంటే డాక్టరు చేసే పరీక్ష చాలా సాదాది. రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తరువాత వంచి చూస్తారు. రక్తం ఇంకా నీళ్లలా పారితే విషం పనిచేస్తున్నట్టే, విరుగుడు మందు ఎక్కించాలి. గొట్టం గాజుదే కావాలి. ప్లాస్టిక్‌లో మామూలు రక్తం కూడా సరిగా గడ్డకట్టదు. డాక్టరు అడిగేవి కూడా గుర్తుంచుకోదగ్గవే: ఎన్ని గంటలకు కరిచింది, ఏ చోట, కట్టు కట్టారా, నాటుమందు పోశారా. నాటువైద్యుడి దగ్గరికి వెళ్లిన సంగతి దాచేవాళ్లు చాలామంది. కోప్పడతారన్న భయంతో దాచిన ఆ గంట చికిత్సకు అవసరమైన గంట.

కట్లపాము సంగతిలో ఈ జాగ్రత్త ఇంకా కావాలి. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి ఉండదు, వాపు ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం. మంత్రాలయంలో శ్రావణ మాసపు ఆరాధనలకు కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి వేల మంది వస్తారు. ఆరుబయట, వరండాల్లో, నది ఒడ్డున పడుకునేవాళ్లు తక్కువేమీ కాదు. అది వానాకాలం కూడా. ఏ ఆస్పత్రిలో విరుగుడు మందు ఉంది, ఇక్కడ పాములు పట్టేవాళ్లెవరు అన్న రెండు ప్రశ్నలూ పాము కనిపించాక అడిగేవి కావు. సత్రంలో గది తీసుకునేటప్పుడే అడిగితే ఎవరూ విసుక్కోరు.

పామును సంచిలో వేసుకుని బయల్దేరే మనిషిని ఆపి సెల్ఫీ అడగడం, పడగ విప్పించమనడం, పుట్ట దగ్గర పూజ చేస్తాం ఒక పూట ఉంచమనడం మామూలైపోయాయి. ఆ పనివాళ్లు చాలామంది డబ్బు అడగరు. అలాంటప్పుడు పెట్రోలుకు ఇంత ఉంచమని ముందుగానే చేతిలో పెట్టడం బాగుంటుంది. పని అయ్యాక బేరం మొదలుపెట్టకూడదు. ఆ క్షణంలో నిజంగా అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: "ఎక్కడ వదుల్తావన్నా?" దూరంగా, చాలా దూరంగా వదలమని ఇంటివాళ్లు పట్టుబడతారు. కర్ణాటకలోని ఆగుంబెలో రేడియో పరికరం అమర్చి గమనించినప్పుడు, వేరే చోట వదిలిన రాచనాగు తన చోటులో ఉన్న రాచనాగు కంటే ఎంతో ఎక్కువ దూరం తిరిగింది. కొత్తచోట నీడ, తిండి వెతుక్కుంటూ తిరిగే పాము మళ్లీ ఎవరో ఒకరి కంట పడుతుంది. అందుకే చాలామంది దగ్గర్లోని అనువైన చోటే వదిలిపెడతారు. మళ్లీ వస్తుందేమోనని అడిగితే వాళ్లు ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూస్తారు. గోడ వారన రాళ్లు తీసేయమంటారు, గుమ్మం కింది సందు పూడ్చమంటారు, గింజలు చల్లిన చోట ఎలుక బొరియలు చూపిస్తారు. వాళ్లు చూపించిన బొరియలు ఆ రోజే పూడ్చాలి.